ఇల్లూ వాకిలీ: తలుపు తీసి వదలడం షికారు కాదు

చిత్తకార్తె పోయింది, స్వాతి పోయింది. ఈశాన్యపు జల్లులు వెనుకబట్టినవి. మాలూరు, టేకల్, బంగారుపేట చుట్టుపక్కల రాగిచేలు కోతకు వచ్చినవి. సంతలో అనపకాయలు రాసులు పోస్తున్నారు. ఇంటింటా పితికిన పప్పు ఉడుకుతున్న వాసన. సముద్రమట్టానికి 2,700 అడుగులకు అటూ ఇటూగా వున్న సీమ కాబట్టి, మనకు చలి మెల్లగా రాదు. ఒక తెల్లవారుజామున గుట్టలమీద మంచు దిగి కూర్చుంటుంది. ఆ రోజునుంచి దుప్పటి విడవబుద్ధి కాదు.

ఏటా ఇదే సమయంలో మన ఇళ్ళలో మరొక మార్పు కూడా వస్తుంది. పెట్టెలోనుంచి కంబళ్ళు బయటికి వస్తవి. కుక్కగారి షికారు పెట్టెలోకి పోతుంది. వేసవిలో ఐదున్నరకే గొలుసు పుచ్చుకొని బయలుదేరిన పెద్దమనిషి, ఇప్పుడు దుప్పటిలోనుంచే "ఎవరైనా గేటు తీయండర్రా, అదే పోయి అదే వస్తుంది" అని కేకవేస్తాడు. అవ్వ లేచి గేటు తీస్తుంది. కుక్క తోక ఊపుకుంటూ మంచులో మాయమవుతుంది. అరగంటకో గంటకో తిరిగి వస్తుంది. అది తిరిగి వచ్చినన్నాళ్ళూ అందరికీ సుఖంగానే వుంటుంది. తిరిగి రాని రోజు గురించే ఈ నెల ముచ్చట.

ముందుగా చలి సంగతి చూద్దాం. "పాపం, నోరులేని జీవం, ఈ చలిలో ఎందుకు తిప్పడం?" అనే మాట చాలా ఇళ్ళలో వినిపిస్తుంది. మన ప్రాంతంలో డిసెంబరు, జనవరి నెలలలో తెల్లవారుజాము చలి 15 డిగ్రీల దరిదాపులకు, ఒక్కొక్కనాడు అంతకు కొంచెం దిగువకు పోతుంది. కుక్క ఒంటివేడి సహజంగా మనకంటె మూడు నాలుగు ఫారన్‌హీట్ డిగ్రీలు ఎక్కువ. ఒళ్ళంతా వెంట్రుక వున్నది. ఆరోగ్యంగా వున్న ఈడు కుక్కకు ఈ చలి ఒక లెక్కలోది కాదు. లాబ్రడార్ జాతి పుట్టింది ఉత్తర అమెరికాలోని న్యూఫౌండ్లాండ్ తీరాన, గడ్డకట్టే నీళ్ళ పక్కన. దానికి రెండు పొరల బొచ్చు వున్నది. జర్మన్ షెపర్డుకూ, మన ఇళ్ళలో పాతకాలంనుంచీ ముద్దుగా పెరిగే పొమేరియన్‌కూ అంతే. వాటికి మే నెల బెంగగాని మార్గశిరం బెంగ లేదు. అసలు వాటికి హుషారు వచ్చే కాలమే ఇది.

అన్ని కుక్కలూ ఒకటి కావు, నిజమే. మన కర్ణాటక రాష్ట్రపు ముధోల్ వేటకుక్కను చూడండి. సన్నని ఒళ్ళు, పొట్టి వెంట్రుక, కొవ్వు తక్కువ. తమిళనాడులోని రాజపాళయం కుక్కదీ అదే తీరు. ఆ ఊరిలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు రాజుల కుటుంబాల పెంపకంలో పేరుపొందిన జాతి అది. తెలుగువారు పరాయిసీమకు పోయి నిలబెట్టినవాటిలో ఒక కుక్కజాతి కూడా వున్నదని మనం చెప్పుకోవచ్చు. 2005లో తపాలాశాఖవారు మన దేశపు నాలుగు కుక్కజాతులకు బిళ్ళలు వేసినప్పుడు ఈ రెండింటికీ చోటు దక్కింది. ఇటువంటి సన్నపాటి కుక్కలకూ, నాలుగు నెలలు నిండని పిల్లలకూ, ముసలి కుక్కలకూ చలి తగులుతుంది. పాత కంబళి ముక్క వీపుమీద కప్పి, పొట్టకింద నాడా కట్టితే చాలు. అంగడిలో వందలు పోసి కొనే చొక్కాలు అక్కరలేదు.

కాబట్టి షికారు ఆగిపోవడానికి కారణం కుక్కకు చలి కాదు. మనకు చలి; అంతకంటె పెద్ద కారణం మనకు చీకటి.

ఈ చీకటి సంగతి మన ప్రాంతపు వారికి వివరించి చెప్పనవసరం లేదు. 2001 ఫిబ్రవరి 28న కోలారు బంగారుగనులు మూతపడినవి. అప్పటినుంచి ఉరిగాం, మారికుప్పం, ఛాంపియన్ రీఫ్ పేటల కుటుంబాలు బ్రతుకుతెరువు కోసం బెంగుళూరు రైలు పట్టుకున్నవి. మారికుప్పంలో బయలుదేరి, బంగారుపేట, టేకల్, మాలూరు మీదుగా పోయే తెల్లవారుజాము బండ్లలో నిలబడను చోటుండదు. వేసవిలో ఆరు గంటలకు ముందే వెలుగు వస్తుంది. జనవరిలో సూర్యుడు పొడిచేసరికి 6.40 ప్రాంతమవుతుంది, సాయంత్రం ఆరున్నరకల్లా చీకటి. ఇంటి యజమాని చీకటిలో పోయి చీకటిలో వస్తాడు. కుక్కను తిప్పే మనిషి అతడే అయితే, ఈ మూడు నెలలూ ఆ కుక్క ఎండమొగం చూడదు. అప్పుడు ఇంట్లోవారికి రెండు దారులే కనబడతవి: రోజంతా కట్టివేయడం, లేదా తలుపు తీసి వదలడం. రెండూ షికారుకు బదులు కాజాలవు.

కట్టివేసిన కుక్క పైకి నెమ్మదిగానే కనిపిస్తుంది. వారం గడిచేసరికి రాత్రిళ్ళు అకారణంగా మొరుగుతుంది, చెప్పులు కొరుకుతుంది, పాలబ్బాయిమీదికి ఎగురుతుంది. "ఈ మధ్య మా కుక్కకు పొగరెక్కింది" అంటారు. నడక లేక నిలువపడ్డ శక్తినే పొగరనుకుంటాము. ఒళ్ళు కూడా పెరుగుతుంది. చలికాలమని సంగటిముద్ద పెద్దది చేస్తారు. నడక మాత్రం వుండదు. సంగటి పెట్టండి, మంచిదే. కాని అనపగింజల పులుసో, పితికిన పప్పో దానిమీద పోయవద్దు. అందులోని ఉల్లి, వెల్లుల్లి కుక్కరక్తానికి చేటు. పోపు వేయకముందు తీసిన ఉడికిన గింజలు కొంచెం పెడితే బాధ లేదు.

ఇక రెండవదారి. తలుపు తీసి వదిలిన కుక్క ఎక్కడికి పోతుంది? టేకల్ వంటి ఊరిలో ఇది ఉత్త ప్రశ్న కాదు.

ఊరిని ఒరుసుకొని రైలుదారి వున్నది. 1864లో బెంగుళూరును జోలార్‌పేటతో కలిపిన దారి ఇది. ఒకప్పుడు ఆవిరియంత్రం రెండుమైళ్ళ దూరంనుంచే తన రాక చెప్పేది. ఇప్పుడు కరెంటు బండ్లు. 2022 నవంబరునుంచి మైసూరు, చెన్నపట్నాల మధ్య నడిచే వందేభారత్ కూడా ఈ పట్టాలమీదనే పోతుంది. మంచు పట్టిన ఉదయాన బండి దగ్గరికి వచ్చినదాకా మనిషికే తెలియదు. పట్టాలపక్క వాసన చూస్తూ పోయే కుక్కకు ఏమి తెలుస్తుంది?

తరువాత రాళ్ళ లారీలు. మన గుట్టల రాయి నలుమూలలకూ పోతుంది. తెల్లవారకముందే కంకర లారీలు రోడ్డెక్కుతవి. నల్లకుక్క, నల్లరోడ్డు, తెల్లమంచు. డ్రైవరును తిట్టి ప్రయోజనం లేదు.

గుట్టల్లో చిరుత తిరుగుతున్నదన్న మాట మన జిల్లాలో అప్పుడప్పుడు వినబడుతూనే వుంటుంది. చిరుతకు కుక్క ఇష్టమైన ఆహారమన్నది ముసలివాళ్ళ కథ కాదు. మహారాష్ట్రలోని అకోలే ప్రాంతపు చెరకుతోటల్లో వుండే చిరుతలు ఏమి తింటున్నవని పరిశీలిస్తే, వాటి తిండిలో అన్నిటికంటె పెద్ద పాలు పెంపుడు కుక్కలదీ వీధికుక్కలదీ అని తేలింది. ఆ పరిశోధన 2014లో అచ్చయింది. చిరుత మాటువేసే వేళలు కూడా మనం గేటు తీసే వేళలే: పొద్దు పొడవకముందు, పొద్దు గూకిన తరువాత.

ఏనుగుల మాట మరీ ముఖ్యం. రాగి కోతకాలంలో హోసూరు వైపు అడవులనుంచి ఏనుగుల మందలు మాలూరు, బంగారుపేట తాలూకాల సరిహద్దు గ్రామాలలోకి రావడం మన రైతులకు తెలిసిన బాధే. ఏనుగు కనబడితే కుక్క ఊరుకోదు, పోయి మొరుగుతుంది. ఏనుగు తిరగబడితే మాత్రం అడవివైపు పారిపోదు. తనను కాపాడేవాడని నమ్మిన మనిషి దగ్గరికి పరుగెత్తుకు వస్తుంది. దాని వెనుక ఏనుగు వస్తుంది. చేనిగట్టున కుక్కను విడిచిపెట్టి నడిచేవారు ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకుంటే చాలు. ఏనుగులు దిగినవని అటవీశాఖవారు చాటింపు వేసిన రోజులలో కుక్కతోగాని, కుక్క లేకుండాగాని ఆ దిక్కుకు పోవద్దు.

అన్నిటికంటె పెద్ద ప్రమాదం మాత్రం అడవిలో లేదు, మన వీధిలోనే వున్నది. "చిత్తకార్తె కుక్కలు" అని మన పెద్దలు ఊరికే అనలేదు. అక్టోబరు రెండవ వారంలో ఆ కార్తె ప్రవేశిస్తుంది; వీధికుక్కలు గుంపులు కట్టే కాలమది. అప్పటినుంచి తొమ్మిది వారాలు లెక్కవేయండి. డిసెంబరు నడిమికి వస్తుంది. మోరీకిందా, ఇటుకల కుప్ప చాటునా కళ్ళు తెరవని కూనలు మూలుగుతుండేది అప్పుడే. అనగా చలికాలం మొదట్లో మగకుక్కల కొట్లాటలు, తరువాత పిల్లలతల్లి కాపలా. ఈ రెండు కాలాలలోనూ ఒంటరిగా వదిలిన పెంపుడుకుక్క కరిపించుకు వస్తుంది. వెంట్రుకలచాటున చిన్న పంటిగాటు మనకు కనబడదు. రాత్రి పిల్లలు దాని మెడచుట్టూ చేతులు వేసి పడుకుంటారు.

పిచ్చికుక్క జబ్బు, అంటే రేబీస్, మనిషికి వచ్చి లక్షణాలు బయటపడిన తరువాత బతకడం దాదాపు లేదు. ప్రపంచంలో ఈ జబ్బుతో పోయేవారిలో మూడవవంతుకు పైగా మన దేశంవారే అని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా. పాశ్చర్ మహాశయుడు 1885లో మొదటిసారి మనిషికి టీకా వేసి చూపాడు. దక్షిణదేశంలో కుక్కకాటు చికిత్సకోసం 1907లో నీలగిరులలోని కూనూరులో పాశ్చర్ సంస్థ వెలిసింది. మన పెద్దలు బొడ్డుచుట్టూ 14 సూదులని చెప్పి భయపెట్టినది, గొర్రెమెదడునుంచి తీసిన ఆ పాతకాలపు మందు గురించే. 2005 నాటికి దాని వాడకం మన దేశంలో నిలిచిపోయింది. ఇప్పటి మందు భుజానికి వేస్తారు. నాలుగో ఐదో మోతాదులతో సరి. కనుక సూదికి భయపడి పసరు కట్టించుకోవడానికి ఇప్పుడు సాకు లేదు. కాటుపడిన వెంటనే ధారగా పడే నీటికింద సబ్బుతో పావుగంట కడగాలి. సున్నం, కారం, కాఫీపొడి ఏదీ అద్దకూడదు. ఆనాడే ఆసుపత్రికి పోవాలి. ఇంటికుక్కకు మూడవనెలలో మొదటి టీకా, డాక్టరు చెప్పిన ప్రకారం మరొకటి, ఆపైన ఏటేటా మరువకుండా వేయించాలి. టీకా చీటీ రేషనుకార్డు పెట్టినచోటే పెట్టండి.

ఇంత చెప్పినది షికారు మానమని కాదు. షికారు వేళ మార్చమని.

వేసవిలో ఎండకు భయపడి తెల్లవారుజామున తిప్పాము. చలికాలంలో దాన్ని తిరగవేయాలి. ఉదయం ఏడున్నర దాటి, మంచు విడిచి, ఎండపొడ నేలమీద పడిన తరువాత ఒకసారి. సాయంత్రం ఐదింటికి మరొకసారి. ఒక్కొక్కసారి అరగంట చాలు. చీకటిలో పోక తప్పదంటే చేతిలో టార్చి, కుక్కమెడకు తెల్లగుడ్డ, మనిషి ఒంటిమీద తెల్లచొక్కా వుండాలి. గొలుసుకంటె నాలుగైదు అడుగుల గట్టి నాడా మేలు. చలిలో ఇనుము చేతికి కొరుకుతుంది. పిల్లలతల్లి వీధికుక్క ఏ మూల కాపురం పెట్టిందో చూసుకొని, ఆ నెలన్నరా ఆ దారి మానితే సగం గొడవలు తప్పుతవి.

ముసలికుక్కను లేపీలేపగానే లాక్కుపోకండి. రాతిబండలు పరిచిన మన ఇళ్ళలో నేల రాత్రంతా చల్లబడి వుంటుంది. దానిమీద పడుకున్న కుక్కకు కీళ్ళు బిగుస్తవి. గోనెసంచులు రెండు మడతలు వేసి పరవండి. లేచిన తరువాత పెరట్లో నాలుగు అడుగులు మెల్లగా వేయించి, ఆపైన వీధికి తీసుకుపొండి. అరగంట ఒకేసారి నడవలేకపోతే పదేసి నిమిషాలు మూడుసార్లు. గొంతులో ఎముక ఇరుక్కున్నట్టు పొడిదగ్గు దగ్గుతుంటే అది ఉత్త పడిశమనుకోవద్దు; ఒక కుక్కనుంచి మరొకదానికి అంటే దగ్గు వున్నది. అటువంటప్పుడు నాలుగురోజులు వేరుగా వుంచి పశువైద్యుని అడగండి. మెడపట్టీ బదులు ఛాతీకి కట్టే పట్టీ వాడండి.

ఇంటికి వచ్చిన తరువాత పొడిగుడ్డతో కాళ్ళూ పొట్టా తుడవాలి. వేళ్ళసందున కంకరపలుకులు ఇరుక్కుంటవి. చెవులలోపలా, కాళ్ళ సందులలో గోమార్లు వున్నవేమో చూడాలి. చలికి అవి చస్తవనే మాట మన సీమకు చెల్లదు. వానలు వెళ్ళిన పచ్చిగడ్డిలో బోలెడు వుంటవి. నీళ్ళు తాగడంలేదని గిన్నె తీసివేయకండి. గోరువెచ్చని నీరు పెడితే తాగుతుంది. చలిమంట ఆరిన తరువాత బూడిదలో పడుకోనివ్వవద్దు, అడుగున నిప్పు వుంటుంది. కారు తీసేముందు బానెట్టుమీద రెండు దెబ్బలు వేయండి. వెచ్చదనానికి చేరిన వీధికూనలు లేచి పోతవి.

అయితే వేళ మార్చమన్నంతమాత్రాన రైలెక్కే మనిషి ఏడున్నరకు ఇంట్లో వుంటాడా? వుండడు. అందుకే షికారు ఒక మనిషి పనిగా వుండకూడదు, ఇంటి పనిగా వుండాలి. ఉదయపు ఎండలో తాత నడవాలని డాక్టరు ఎలాగూ చెప్పే వున్నాడు. ఇద్దరికీ ఒక్కటే దారి. కాని పెద్ద కుక్క లాగితే ముసలిమనిషి పడిపోతాడు. కనుక లాగకుండా నడిచే అలవాటు కుక్కకు చిన్ననాడే నేర్పించాలి. సాయంత్రం వంతు బడినుంచి వచ్చిన పిల్లలది. పన్నెండేళ్ళు దాటినవారికే నాడా ఇవ్వండి, వారితో మరొకరు వుండాలి. ఆదివారం వంతు బెంగుళూరు మనిషిది. ఆ రోజు తప్పించుకోవడానికి వీల్లేదు.

చేతులు మారినా మాట మారకూడదు. కోలారు సీమ ఇళ్ళలో ఇదొక చిక్కు. అవ్వ "రా" అంటుంది, మనవడు "కమ్" అంటాడు, పక్కింటివారు "బా" అంటారు, గనులపేటనుంచి వచ్చిన చుట్టం "వా" అంటాడు. నాలుగు భాషలు మనకు రావచ్చు. లారీ ఎదురువచ్చినప్పుడు కుక్క తర్జుమా చేసుకోలేదు. రావడానికి, ఆగడానికి, కూర్చోవడానికి ఇంటిల్లిపాదీ ఒక్కొక్క మాటే వాడండి. అది తెలుగుమాటే అయితే మరీ సంతోషం. పిల్లలతో ఇంగ్లీషు మాట్లాడే ఇళ్ళలో కనీసం కుక్కతోనైనా తెలుగు నిలుస్తుంది!

కుక్కను తిప్పడం గనుల దొరల షోకని తీసివేసేవారు ఇప్పటికీ వున్నారు. వారు మన భారతాన్ని మరచినట్టే. ఆదిపర్వం తొలిభాగంలోనే నన్నయగారు సరమ కథ చెప్పారు. యాగశాలకు పోయిన ఆమె పిల్లను తప్పు లేకుండానే జనమేజయుని తమ్ములు కొట్టారు. దేవతల కుక్క అయిన ఆ తల్లి వచ్చి రాజునే నిలదీసింది. రాజు భయపడ్డాడు. చివరకు తిక్కనగారి మహాప్రస్థానిక పర్వంలో ఐదుగురు అన్నదమ్ములూ ద్రౌపదీ ఉత్తరానికి నడుస్తుంటే, వెంట నడిచిన ఏడవ జీవి ఒక కుక్క. హిమవంతం దాటేవేళకు ధర్మరాజు పక్కన మిగిలింది అది ఒక్కటే. దాన్ని విడిచి రథమెక్కమని ఇంద్రుడు అంటే ధర్మరాజు ఒప్పుకోలేదు. నమ్మి వెంట వచ్చినదాన్ని దారిలో వదలరాదన్నది అక్కడి ధర్మం. మన గేటుదగ్గర కూడా ధర్మం అంతే.

రైలుకట్టను, లారీని, చిరుతను కుక్క లెక్కకట్టలేదు. ఆ లెక్క దాని తరఫున వేస్తామని ఒప్పుకొనే కదా, కూనగా వున్నప్పుడు ఒడిలో పెట్టుకొని ఇంటికి తెచ్చుకున్నాము. అది దుప్పటిలో నుంచి వేసే లెక్క కాదు.

ఈ నెల క్యాలెండరు తీసి, పాలలెక్క రాసుకునే గడిలోనే పక్కగా కుక్కవంతు ఎవరిదో రాసుకోండి. సంక్రాంతి దాకా గడి ఖాళీ లేకుండా నడిస్తే, రథసప్తమికి ఎండ తనంతట తానే మనల్ని లేపుతుంది. అప్పుడు వేళ మళ్ళీ ముందుకు జరుపుకుందాం.